సాత్ గుంబజ్‌కు పౌరుల వంతు

గోల్కొండ బంజారా దర్వాజా దాటి ఉత్తరంగా వెళ్తే కనిపించే కుతుబ్ షాహీ సమాధులను హైదరాబాదీలు ఇప్పటికీ సాత్ గుంబజ్ అనే అంటారు. నిజానికి ఆ 106 ఎకరాల్లో ఉన్నవి ఏడు కావు. సుల్తానుల, బేగంల, హకీముల సమాధులు, మసీదులు, దిగుడు బావులు, పార్థివ దేహాలకు స్నానం చేయించే హమ్మాం, అన్నీ కలిపితే వంద దాకా ఉంటాయి. ఇబ్రహీం కుతుబ్ షా ఇక్కడే ఉన్నాడు. మన కవులు మల్కిభరాముడని ఆప్యాయంగా పిలుచుకున్నది ఈయననే. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చింది కూడా ఈయనకే. తెలుగు చదువుకున్నవాళ్ళు ఆ సమాధి ముందు కాసేపైనా ఆగాలి.

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక వీటిని పట్టించుకునేవాళ్ళు కరువయ్యారు. 19వ శతాబ్దంలో సాలార్‌జంగ్ మరమ్మతులు చేయించి, తోట వేయించారు. 1914లో నిజాం రాజ్యంలో పురావస్తు శాఖ ఏర్పడి, గులాం యజ్దానీ దానికి తొలి డైరెక్టరయ్యారు. ఆ తర్వాతి కాలంలో జరిగిన మరమ్మతుల్లో సిమెంటు వచ్చి చేరింది. సున్నపు గోడ పీల్చిన తేమను తిరిగి బయటికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే ఉండిపోయి రాయిని, సున్నాన్ని తినేస్తుంది. 2013లో రాష్ట్ర ప్రభుత్వం ఆగా ఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్‌తో కలిసి పనులు మొదలుపెట్టాక, ఆ సిమెంటును ఓపిగ్గా ఊడదీసి మళ్ళీ డంగు సున్నం వాడారు. బాగా నానిన సున్నంలో బెల్లం, మారేడు గుజ్జు లాంటివి కలిపి, మెత్తగా నూరి, పొర మీద పొర వేసే పని అది. తొందరపడితే పగుళ్ళిస్తుంది.

అదే ఏడాది వానలకు ఇక్కడి పెద్ద దిగుడు బావి, బడీ బావ్లీ, ఒక పక్క కూలిపోయింది. రాళ్ళు పైకి తీసి, గోడ మళ్ళీ కట్టారు. ఇప్పుడు ఆ బావిలో వాననీరు నిలుస్తోంది. గోల్కొండ దిగుడు బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. 2024 జులైలో పనులు ముగిసి, ఈ ప్రాంగణమంతా హెరిటేజ్ పార్కుగా ప్రజల ముందుకొచ్చింది.

డబ్బు చాలావరకు పెద్ద చేతుల నుంచే వచ్చింది. టాటా ట్రస్టులు ఇచ్చాయి. ఆస్థాన నర్తకులు తారామతి, ప్రేమామతిల సమాధులకు అమెరికా రాయబారి సాంస్కృతిక నిధి సాయపడింది. మరి ఈ ఊరివాళ్ళం మనమేం చేయాలి? నన్నడిగితే, ముందు కావలసింది కళ్ళు.

పిట్ట వేసిన రావి విత్తనం గుమ్మటం మీది సన్నని బీటలో పడుతుంది. తొలకరికి రెండాకులు వేస్తుంది. అప్పుడు చూసి చెప్పేవాళ్ళుంటే ఒక పూటలో అయిపోయే పని. నాలుగేళ్ళు వదిలేస్తే వేరు రాళ్ళ మధ్యకు దిగి బీటను పెంచుతుంది, అందులోంచి నీళ్ళు దిగుతాయి, సున్నం కరిగిపోతుంది. మొక్క కనిపిస్తే మీరు పీకకండి, వేరుతోపాటు గచ్చు పెళ్ళ ఊడొస్తుంది. ఫొటో తీసి అక్కడి సిబ్బందికి చూపించండి. రోజూ పొద్దున నడకకు వచ్చేవాళ్ళే ఈ విషయంలో అందరికన్నా ఎక్కువ సాయం చేయగలరు.

గోడల మీద పేర్లు చెక్కడం గురించి వేరే చెప్పాలా! పిల్లల్ని తీసుకొచ్చే టీచర్లు గేటు దగ్గరే ఆ మాట గట్టిగా చెప్పాలి. రిటైరైన తెలుగు, చరిత్ర మాస్టార్లు ఆదివారాలు వచ్చి, బళ్ళ నుంచి వచ్చే పిల్లలకు మల్కిభరాముడి కథ తెలుగులో చెప్తే ఎంత బాగుంటుంది! విరాళమే ఇవ్వాలనుకునేవాళ్ళకు కేంద్రం 1996లో పెట్టిన జాతీయ సంస్కృతి నిధి ఉంది. సొంత చొరవతో ఏం చేయవచ్చో చూడాలంటే దోమకొండ కోటకు వెళ్ళండి. ఆ కోటను దాని వారసులే బాగు చేయించుకున్నారు. 2022లో యునెస్కో పురస్కారం దానికీ వచ్చింది.

మరొకటి చాలామందికి తట్టదు. గచ్చు పూలు ఒకప్పుడు ఎలా ఉండేవో, ఎక్కడ ఏ పెంకు రాలిపోయిందో తేల్చుకోవడానికి పాత ఫొటోలే ఆధారం. లాలా దీన్‌దయాళ్ తీసినవి కొన్నున్నాయి, చాలవు. 1950, 60ల్లో ఇక్కడికి వనభోజనాలకు వచ్చి ఫొటోలు దిగిన కుటుంబాలు ఈ ఊళ్ళో బోలెడు. మీ ఆల్బంలో తాతగారి వెనక ఏ గుమ్మటమైనా కనిపిస్తే, స్కాన్ చేయించి, ఏ ఏడాది తీసిందో రాసి హెరిటేజ్ తెలంగాణ శాఖకు ఇవ్వండి. అసలు ఫొటో మీ దగ్గరే ఉంచుకోండి.