పెచ్చులూడిన గోడల వెనుక రాజ్యాంగం

ముంబైలో పాత ఫ్లాటు కొనదలచిన మధ్యతరగతి మనిషి మొదట చూసేది పైకప్పు నుంచి ఊడుతున్న పెచ్చులను, తుప్పుపట్టిన నీటి గొట్టాలను. మేస్త్రీని వెంటబెట్టుకొని వెళ్లి మరమ్మతు ఖర్చు లెక్క వేయించుకుంటాడు. కానీ అసలు లెక్క గోడల్లో లేదు, చట్టాల్లో ఉంది. ఆ భవనం ఏ సంవత్సరంలో లేచింది, ఏ చట్టం నీడన నిలబడింది అన్నదాన్ని బట్టే అతడు కొంటున్నది ఇల్లా, అద్దె హక్కా అన్నది తేలుతుంది.

1896లో ప్లేగు బొంబాయిని కుదిపేసింది. రెండేళ్లకు ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడి, ఇరుకు వాడలను కూల్చి దాదర్, మాతుంగా వైపు కొత్త పేటలకు నేల చదును చేసింది. నగరం విస్తరించింది, ఇళ్ల కొరత మాత్రం తీరలేదు. మొదటి ప్రపంచ యుద్ధం చివర అద్దెలు మిన్నంటడంతో 1918లో నియంత్రణ చట్టం వచ్చింది. అన్నిటికన్నా లోతైన ముద్ర వేసింది 1947 నాటి బొంబాయి అద్దెల చట్టం. 1940 సెప్టెంబరు 1న ఎంత అద్దె ఉంటే అదే ప్రామాణిక అద్దె అని అది శాసించింది. కొరత కాలపు తాత్కాలిక ఏర్పాటుగా వచ్చిన ఆ చట్టం గడువు పొడిగింపులతో అర్ధశతాబ్దం బతికింది. కారణం ఊహించడం కష్టం కాదు: యజమానులు కొందరు, కిరాయిదారులు లక్షల్లో ఓటర్లు.

చట్టం ధరను బిగించిన చోట బజారు మరో దారి వెతుక్కుంది. దాని పేరు పగడీ, అంటే తలపాగా. కిరాయిదారు తన హక్కును ఇంకొకరికి అప్పగించేటప్పుడు పెద్ద మొత్తం చేతులు మారేది. అందులో యజమానికీ వాటా, వాడుకలో సుమారు మూడోవంతు. నెలవారీ అద్దె నామమాత్రం, పగడీ మాత్రం ఇంటి ధరతో పోటీపడేది. నామమాత్రపు అద్దెతో యజమాని దూలం మార్చడు. తనది కాని భవనానికి కిరాయిదారు పునాది వేయించడు. ఆ మధ్యలో గోడలు నానిపోయాయి. నిజాం రాజ్యం నుంచి రాళ్లు మోయడానికి వలసవెళ్లిన తెలుగు కామాటీల పేరు మోస్తున్న కామాఠిపురాలోని పాత భవనాలదీ ఇదే కథ.

1969లో ప్రభుత్వం మధ్యలోకి వచ్చింది. ద్వీప నగరంలోని పాత అద్దె భవనాలపై సెస్సు విధించి, ఆ సొమ్ముతో మరమ్మతు చేయించడానికి ఒక బోర్డును నెలకొల్పింది. అప్పుడు లెక్కతేలిన భవనాలు 19,642. వాటిలో 16,502 భవనాలు 1940 సెప్టెంబరుకు ముందువే. 1976లో బోర్డు విధులు మ్హాడా చట్టంలోకి చేరాయి. 1986లో ఆ చట్టానికి జోడించిన ఎనిమిది-ఏ అధ్యాయం ఇంకా దూరం వెళ్లింది: కిరాయిదారుల్లో 70 శాతం మంది కోరితే, నెలసరి అద్దెకు నూరు రెట్లు చెల్లించి ప్రభుత్వం భవనాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. స్తంభించిన అద్దెకు నూరు రెట్లంటే దక్షిణ ముంబై నేలకు అది పరిహారం అనిపించుకోదు. యజమానులు కోర్టుకెక్కారు.

ఆ వివాదం 2002లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదితమై, రెండు దశాబ్దాలకు పైగా వేచి ఉంది. 2024 ఏప్రిల్‌లో, ఎన్నికల సభల్లో సంపద పునఃపంపిణీ మీద మాటల యుద్ధం సాగుతున్న రోజుల్లోనే, వాదనలు మొదలయ్యాయి. నవంబరు 5న తీర్పు వచ్చింది. 39(బి) అధికరణం చెప్పే సమాజపు భౌతిక వనరుల్లోకి ప్రైవేటు ఆస్తి అంతా రాదని ఏడుగురి తరఫున ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ రాశారు. 1977లో జస్టిస్ కృష్ణయ్యర్ వెలిబుచ్చిన విశాల భాష్యాన్ని తోసిపుచ్చారు. జస్టిస్ నాగరత్న పాక్షికంగా ఏకీభవించగా జస్టిస్ ధులియా విభేదించారు. టీవీ చర్చలు సోషలిజం భవితవ్యాన్ని తూచాయి. కురుస్తున్న చాళ్ల ఊసు ఎత్తినవారు అరుదు.

ఈలోగా 1997 డిసెంబరులోనే సుప్రీంకోర్టు స్తంభించిన అద్దెలు సహేతుకం కాదని చెప్పింది. దాంతో వచ్చిన 1999 చట్టం ఏటా 4 శాతం పెంపునకు అనుమతించింది, పగడీని బాహాటంగా చట్టబద్ధం చేసింది. నిర్మాణ నియమావళిలోని 33(7) నిబంధన బిల్డరును రప్పించింది: పాత కిరాయిదారులకు ఉచితంగా కొత్త ఇల్లు, మిగిలిన అంతస్తులు అమ్మకానికి. పునర్నిర్మాణం అందువల్ల ఎక్కువ లాభం మిగిలే చోట ముందు జరుగుతుంది, ఎక్కువ ప్రమాదమున్న చోట కాదు. 2017 ఆగస్టులో భేండీ బజారులో శతాబ్దం దాటిన హుసేనీ భవనం కూలి 33 మంది మరణించారు.

సొసైటీ ఫ్లాటు కొనేవారి కథ వేరు. 1963 చట్టం ఫ్లాటును సొంత ఆస్తిగా గుర్తించింది, నేలను మాత్రం చాలా చోట్ల బిల్డరు పేరుననే మిగిల్చింది. సొసైటీకి నేల బదలాయించని బిల్డర్లు ఎంతమంది అయ్యారంటే, వారి సంతకం లేకుండానే బదలాయింపు సాగేలా 2008లో చట్టాన్ని సవరించాల్సి వచ్చింది. 30 ఏళ్లు దాటిన కట్టడాలకు స్థిరత్వ ధ్రువపత్రం తప్పనిసరి అయినా లోపలి గోడలకు కాపలా లేదు. 2017 జూలైలో ఘాట్‌కోపర్‌లో నాలుగంతస్తుల భవనం కూలి 17 మంది చనిపోయారు. అది శతాబ్దాల నాటి చాల్ కాదు. కింది అంతస్తులో జరుగుతున్న మార్పుల కోసం స్తంభాలను తొలగించారని నివాసులు ఆరోపించారు.