రేవులు దాటిన సైకిలు

తెల్లవారుజామున రాజమండ్రిలో బయలుదేరి కడియం నర్సరీలు దాటితే ద్రాక్షారామం, ఆ తర్వాత యానాం. అక్కడ వంతెనెక్కి ఎదుర్లంకలో దిగితే కోనసీమ. అమలాపురం, బోడసకుర్రు, రాజోలు, దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు. అక్కడి నుంచి నిడదవోలు, కొవ్వూరు, మళ్ళీ రాజమండ్రి. కాస్త అటూ ఇటూగా 200 కిలోమీటర్ల చుట్టు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల్ని ఒక్కోసారి, కొవ్వూరు దగ్గర అఖండ గోదావరిని ఒకసారి దాటాలి. పడవెక్కకుండా సైకిలు మీద ఈ చుట్టు తిరగడం 2002కు ముందు ఎవరికీ సాధ్యం కాలేదు.

ఇంతేసి దూరాల్ని గడువులోపు సొంత కాళ్ళ మీదే ఆధారపడి తొక్కి రావడాన్ని రాండనీరింగ్ అంటారు. 200 కిలోమీటర్లకు గడువు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు. దారిలో ముందే నిర్ణయించిన చోట్ల ఆగి కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. కొట్లో అరటిపండ్లు కొనుక్కోవచ్చు గాని, వెనకాల కారులో వచ్చి ఎవరూ అందించకూడదు. చీకటి పడితే ముందూ వెనకా లైట్లు, ఒంటిమీద మెరిసే జాకెట్టు తప్పనిసరి. ఇందులో బహుమతులు లేవు, మొదటి స్థానం లేదు. గడువులో చేరినవాళ్ళందరూ సమానమే.

ఈ ఆటకు పుట్టిల్లు ఫ్రాన్స్. 1891లో పియేర్ జిఫార్ అనే పత్రికా సంపాదకుడు పారిస్ నుంచి బ్రెస్ట్ రేవుకు వెళ్ళి తిరిగి వచ్చే 1200 కిలోమీటర్ల పందెం పెట్టాడు. షార్ల్ తెరాఁ దాన్ని 71 గంటల 22 నిమిషాల్లో పూర్తిచేసి గెలిచాడు. 1904లో ఆడాక్స్ క్లబ్ పారిసియెన్ ఏర్పడింది. నేటికీ ప్రపంచమంతటా జరిగే ఇలాంటి సవారీలను నమోదు చేసేది ఆ క్లబ్బే. పందెం పోయి పట్టుదల మిగిలింది. నాలుగేళ్ళకోసారి జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్‌లో ఇప్పుడు గడువు 90 గంటలు. హైదరాబాద్‌లో 200, 300, 400, 600 కిలోమీటర్లు ఒకే సీజనులో పూర్తిచేసి, అర్హత సంపాదించి, ఫ్రాన్స్ దాకా వెళ్ళి తొక్కి వచ్చిన తెలుగువాళ్ళున్నారు.

గోదావరి డెల్టాకు ఈ కార్డులూ ముద్రలూ కొత్త కావచ్చు, దూరం తొక్కడం కొత్త కాదు.

ఆ తొక్కుడుకు దారి వేసింది కాలువలు. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కడి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు తవ్విన కాలువలు చేలకు నీళ్ళివ్వడంతో ఆగలేదు, పడవలనూ నడిపాయి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. లాకుల దగ్గర తలుపులు మూసి, నీటిమట్టం సరిచేసి, పడవను కిందికో పైకో పంపేవారు. తాడు లాగేవాడి కాలికి అడ్డు తగలకూడదు గనుక గట్టు చదునుగా, ఖాళీగా ఉండేది. సైకిళ్ళు వచ్చాక ఊరినుంచి ఊరికి వాటికి సిద్ధంగా దొరికిన బాట అదే. ఎక్కుడు లేదు, దిగుడు లేదు. తొక్కేవాణ్ణి కష్టపెట్టేది సముద్రం వైపు నుంచి వీచే ఎదురుగాలి ఒక్కటే.

తొలినాళ్ళలో సైకిలు ఇంగ్లండు సరుకు. ర్యాలీ, హంబర్, బీఎస్ఏ బళ్ళు కొనగలిగినవాళ్ళు కలిగినవాళ్ళే. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, ఆ తర్వాత ఉత్తరాదిన అట్లాస్, హీరో కంపెనీలు వచ్చాకే సైకిలు సామాన్యుడి గుమ్మంలోకి చేరింది. వెనక క్యారియర్ మీద బట్టల మూట కట్టుకుని ఊళ్ళు తిరిగే వ్యాపారి, రెండు పక్కలా పాల క్యాన్లు వేలాడదీసిన పాలవాడు, చేపల గంపవాడు, పుల్లైసు డబ్బావాడు, గెలలు మోసే కొబ్బరి కూలీ. వీళ్ళెవరికీ కార్డు మీద ముద్ర పడలేదు. పొద్దున వెళ్ళి చీకటి పడ్డాక డైనమో వెలుగులో తిరిగొచ్చేవారు. పాలు విరిగేలోపు, చేప మెత్తబడేలోపు చేరాలన్నదే వాళ్ళ గడువు.

ఆ ప్రయాణాల్ని నిలబెట్టింది రోడ్డు పక్క సైకిలు షాపు. టైరు విప్పి ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ళ బేసిన్‌లో కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పుతాడు. బుడగలు లేచిన చోట గుర్తు పెట్టి, తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, కాస్త ఆరనిచ్చి, రబ్బరు ముక్క అతికించి సుత్తితో తట్టి బిగిస్తాడు. చివరగా టైరు లోపలి అంచు చుట్టూ వేళ్ళతో తడిమి, గుచ్చుకున్న ముల్లు తీసేస్తాడు. ఈ తడమడం మరిచిపోతే అరమైలు దాటకుండా మళ్ళీ పంక్చరే. 1891లో తెరాఁ నెగ్గడానికి ఒక కారణం మిషెలిన్ వాళ్ళ విప్పదీసే టైరు, అంటే పంక్చరు త్వరగా బాగుచేసుకునే వీలే.

తెలుగు ఊళ్ళలో ఓర్పు పరీక్ష మరో రూపంలోనూ సాగింది. ఊరి నడిబొడ్డున గుంజ పాతి, మైకు కట్టి, దాని చుట్టూ ఒకడు రోజుల తరబడి దిగకుండా సైకిలు తొక్కేవాడు. స్నానం, భోజనం, గడ్డం గీసుకోవడం అన్నీ సైకిలు మీదే. సాయంత్రం జనం చేరాక పళ్ళతో బరువులెత్తేవాడు, ట్యూబులైట్లు పగలగొట్టేవాడు. చదివింపులు మైకులో పేరుపేరునా వినిపించేవి. దూరం లెక్కపెట్టే సంగతి లేదు గాని, నిద్రను ఆపుకుని తొక్కడంలో ఆ కళాకారుడు ఏ రాండనీర్‌కూ తీసిపోడు.

ఇన్ని తొక్కుళ్ళూ ఏటి ఒడ్డుకు వచ్చేసరికి ఆగిపోయేవి. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన రైలుకే. రాజమండ్రి నుంచి కొవ్వూరుకు సైకిలుతో వెళ్ళాలంటే దాన్ని రైలో లాంచీయో ఎక్కించాల్సి వచ్చేది. కింద రైలు, పైన రోడ్డు ఉన్న వంతెన 1974లో వచ్చింది. 1982లో పూర్తయిన కాటన్ బ్యారేజీ మీద ధవళేశ్వరం నుంచి ర్యాలి, మద్దూరు మీదుగా విజ్జేశ్వరం దాకా మరో దారి దొరికింది. యానాం–ఎదుర్లంక వంతెన 2002లో తెరుచుకుంది. ఆ ఏడాదే హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయిన లోక్‌సభ స్పీకర్, కోనసీమ బిడ్డ జి.ఎం.సి. బాలయోగి పేరు దానికి పెట్టారు. వంతెన లేని ప్రతి పాయ దగ్గరా రేవు పాట పాడుకున్నవాడు మనిషికో రేటు, సైకిలుకో రేటు వసూలు చేసేవాడు. జనాన్నీ బళ్ళనూ దాటించే పంటు నిండేదాకా కదిలేది కాదు. గడువు పెట్టుకుని తొక్కేవాడికి ఆ నిరీక్షణే పెద్ద ఓటమి.

సఖినేటిపల్లి–నరసాపురం, కోటిపల్లి–ముక్తేశ్వరం రేవుల్లో పంటు ప్రయాణం మొన్నమొన్నటిదాకా సాగుతూనే వచ్చింది. హేవలాక్ వంతెన మీద రైళ్ళు 1997లో ఆగిపోయాయి. దాన్ని పర్యాటక స్థలంగా తీర్చిదిద్దాలన్న ఆలోచన ఏళ్ళ తరబడి నలిగింది. ఆ పనిలో నడిచేవాళ్ళతోపాటు సైకిళ్ళకూ ఒక వరస కేటాయించాలి. అలా చేస్తే, ఒకప్పుడు రైలుకే పరిమితమైన ఆ వంతెన మీదుగా రాజమండ్రి, కొవ్వూరు పిల్లలు లారీల భయం లేకుండా సైకిలు తొక్కుకుంటూ గోదావరి దాటగలుగుతారు.