ఆముదం నుంచి మరపడవ దాకా: ఒక కందెన కథ

పెట్రోలు పడవకు ఏ ఇంజన్ ఆయిలు పోయాలన్న ప్రశ్నతో హొళగుంద వారికి పనేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు సీమ అనగానే నల్లరేగడి, పత్తి, వేరుశనగ, వాటితోపాటు కరవు గుర్తుకు వస్తాయి గాని పడవ గుర్తుకు రాదు. అయినా మా సీమకు ఉత్తరపు అంచున తుంగభద్ర ఉంది. మేము హగరి అని పిలిచే వేదవతి సిరుగుప్ప ప్రాంతంలో దానిలో కలుస్తుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్ళారి జిల్లాలోవి. అందువల్లనే నదిని గూర్చిన మాటలు మాకు రెండు భాషలలోనూ ఉన్నాయి. తెలుగులో పుట్టి, కన్నడంలో హరిగోలు.

ఈ పుట్టికి దీర్ఘమైన చరిత్ర ఉంది. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్, బుట్టలవలె గుండ్రంగా ఉండి, లోపల వెదురు అల్లికతో, బయట తోలుతో తయారైన పడవలను వర్ణించాడు. మనుషులే కాక గుర్రాలూ ఎద్దులూ వాటిపై నది దాటేవట. కాలక్రమాన తోలు పోయి డాంబరు పూసిన పట్టా వచ్చింది గాని ఆకారం మారలేదు. తెడ్డు వేసే చేయి ఉన్నంత కాలం దానికి నూనె అక్కరలేదు.

నూనె అవసరమైనది నేల మీది బండికి. మా తాతగారి ఎద్దులబండి కింద ఒక వెదురుగొట్టం వేలాడుతూ ఉండేది. అందులో కందెన. గడ్డిని కాల్చిన మసిని ఆముదంలో కలిపి నూరితే నల్లని ముద్ద తయారవుతుంది. ఇరుసూ చక్రమూ రాసుకొనే చోట దాన్ని పెడతారు. ఆముదం లోహాన్ని అంటిపెట్టుకొంటుంది, మసి దాన్ని జారిపోనీయదు. కరణాన్ని అనుసరించి మెలగాలని చెప్పదలచిన సుమతీ శతకకారుడు సైతం ఇరుసు కందెననే సామ్యంగా తెచ్చుకొన్నాడంటే, ఆ ముద్ద విలువ ఊరందరికీ తెలిసినదేనన్నమాట.

ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని మనం వెక్కిరిస్తాం. ఇరవయ్యవ శతాబ్దపు తొలి ఇంజన్ల లోకంలో ఆ సామెత అక్షరాలా నిజమైంది. 1909లో ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ ఆముదం కలిపిన కొత్త ఇంజన్ నూనెను తయారుచేసింది. ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న కాస్టర్ అనే పేరు నుంచే దానికి కాస్ట్రాల్ అని పేరు పెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గిరగిర తిరిగే రోటరీ ఇంజన్ల విమానాలకు ఆముదమే ఆధారం. కారణం రసాయన శాస్త్రంలో ఉంది. ఆముదంలో దాదాపు తొంభై శాతం రిసినోలిక్ ఆమ్లం. అందులోని హైడ్రాక్సిల్ గుంపు వల్ల ఆముదం చిక్కగా ఉంటుంది, లోహానికి పట్టుకొంటుంది, పెట్రోలులో సులభంగా కరగదు. ఆ ఇంజన్లలో పెట్రోలు ఆవిరి క్రాంక్ కేసు గుండానే పోవాలి. మామూలు ఖనిజ తైలమైతే పెట్రోలు దాన్ని కడిగివేస్తుంది, ఆముదాన్ని అలా కడగలేదు. కాలీ కాలని ఆముదపు పొగ పీల్చి ఆ విమాన చోదకులు కడుపు జాడింపుతో బాధపడేవారని చెప్పుకొంటారు. మన ఇళ్ళలో ఆముదం తాగిన పిల్లలకు ఇందులో వింత ఏమీ కనబడదు!

అదే 1909లో అమెరికాలోని మిల్వాకీలో, నార్వే నుంచి వలస వచ్చిన ఓలే ఎవిన్‌రూడ్ పడవ వెనుక తగిలించే చిన్న పెట్రోలు ఇంజన్‌ను అమ్మకానికి తెచ్చాడు. దాని శక్తి ఒకటిన్నర అశ్వబలం. అది టూ స్ట్రోకు ఇంజన్. దానిలో నూనెకు వేరే తొట్టి లేదు, పెట్రోలులోనే నూనె కలిపి పోయాలి. పిస్టనుకు, బేరింగులకు అందిన తరువాత ఆ నూనె పెట్రోలుతోపాటే కాలిపోతుంది. పెట్రోలులో కలవకపోవటం ఆముదానికి ఒకచోట గుణమైతే ఇక్కడ దోషమైంది. పైగా వేడికి అది బంకకట్టి పిస్టను రింగులను పట్టివేస్తుంది. అందువల్ల పెట్రోలులో ఇట్టే కలిసే ఖనిజ తైలం దాని స్థానంలోకి వచ్చింది. తొలినాళ్ళలో పదహారు పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు నూనె పోసేవారు. 1960ల నాటికి అది యాభైకి ఒకటిగా తగ్గింది. అంటే ఐదు లీటర్ల పెట్రోలుకు వంద మిల్లీలీటర్లు.

ఇక అసలు ప్రశ్న. పాతకాలపు స్కూటరు కూడా టూ స్ట్రోకే, పడవా టూ స్ట్రోకే. పెట్రోలు బంకులో దొరికే టూటీ ఆయిలు పడవకు ఎందుకు పనికిరాదు? స్కూటరు ఇంజన్ గాలితో చల్లబడుతుంది, విపరీతమైన వేడిలో పనిచేస్తుంది. దాని నూనెలో మసిని కడిగే లోహ లవణాలు కలుపుతారు, అవి కాలితే బూడిద మిగులుతుంది. పడవ ఇంజన్ నది నీళ్ళతోనే చల్లబడుతుంది, అయితే గంటల తరబడి పూర్తి వేగంతో పరుగెత్తుతుంది. నీటి మీద పడవకు పల్లం లేదు, అది ఎప్పుడూ ఎత్తు ఎక్కే బండి. అక్కడ ఆ బూడిద పిస్టను తల మీదా స్పార్క్ ప్లగ్గు మీదా పేరుకొంటే, నిప్పురవ్వకు ముందే పెట్రోలు అంటుకొని పిస్టను చిల్లిపడవచ్చు. అందుకే పడవల కోసం బూడిద మిగల్చని నూనెలను వేరుగా రూపొందించి టీసీ-డబ్ల్యూ అన్న గుర్తు పెట్టారు. నీటితో చల్లబడే టూ స్ట్రోకు ఇంజన్ అని దాని అర్థం. ఇప్పుడు డబ్బా మీద చూడవలసినది టీసీ-డబ్ల్యూ3.

ఫోర్ స్ట్రోకు పడవ ఇంజన్లకు గుర్తు ఎఫ్‌సీ-డబ్ల్యూ. కారు నూనె చిక్కదనంలో సరిపోయినా, తుప్పును ఆపే పరీక్ష ఎఫ్‌సీ-డబ్ల్యూలో అదనంగా ఉంటుంది. 10డబ్ల్యూ-30 వంటి అంకెలు చిక్కదనాన్ని మాత్రమే చెబుతాయి, గుణాన్ని చెప్పవు. ఏ అంకె కావాలో ఇంజన్‌తో వచ్చిన పుస్తకమే ప్రమాణం. పడవ మరచక్రాన్ని తిప్పే గేర్ల పెట్టెలో పోసేది మరొక నూనె. అది తీసి చూసినప్పుడు మజ్జిగలా తెల్లబడి ఉంటే నీరు చొరబడిందని గ్రహించాలి.

ఇదంతా కరవు సీమకు ఎందుకు? 2009 నైఋతి ఋతుపవనాలు దేశమంతటా 22 శాతం లోటుతో ముగిశాయి. సరిగ్గా ఆ లోటు ఏడాదిలోనే, అక్టోబరు తొలి రోజుల్లో, తుంగభద్రా హంద్రీ పొంగి మంత్రాలయాన్నీ కర్నూలు నగరాన్నీ ముంచివేశాయి. తరతరాలుగా వాన కోసం ఆకాశం చూసిన వారు మిద్దెలెక్కి పడవ కోసం చూశారు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, దిగువన నది ఒడ్డున ఉన్నవారికి ఆ అక్టోబరే మనసులో మెదిలి ఉంటుంది.

కోస్తాలో మత్స్యకారుని పడవ రోజూ నీళ్ళలోకి దిగుతుంది, ఇంజన్ మొరాయిస్తే ఆ పూటే తెలుస్తుంది. మా వంటి చోట వరద పడవ ఏళ్ళ తరబడి కొట్టంలో పడి ఉండి, ఒక్క రాత్రి పిలుపుకు లేవాలి. దాని శత్రువు అరుగుదల కాదు, తుప్పూ బంకా. వాడిన నూనెలో ఆమ్లాలూ తేమా చేరి ఉంటాయి. కనుక ఫోర్ స్ట్రోకు ఇంజన్‌లో నూనెను పడవ దాచేముందే మార్చాలి, తీసేటప్పుడు మార్చుదామనుకోరాదు. పెట్రోలును తొట్టిలోనూ కార్బ్యురేటరులోనూ నిలువ ఉంచరాదు. నేటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకొంటుంది, నీరు ఎక్కువైతే పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరుతుంది. టూ స్ట్రోకు మిశ్రమంలో నూనె పైనున్న పెట్రోలుతోనే నిలిచిపోతుంది, ఇంజన్ పీల్చేది అడుగునున్న నూనెలేని ద్రవాన్ని. నెలకొకసారి నీటి తొట్టిలో పెట్టి ఇంజన్ నడిపి చూడటం అన్ని నూనెలకంటె మంచి మందు.

ఆదోని మార్కెట్ యార్డుకు నేటికీ పత్తి, వేరుశనగలతోపాటు ఆముదాలు వస్తాయి. ఆ గింజలు పోసిన రైతులలో, వీటి నూనె ఒకనాడు విమానాలను ఎగరవేసిందని తెలిసినవారు ఎందరో! కందెన గొట్టాన్ని బండి కిందనే కట్టుకొన్న మా తాతల పద్ధతిలో ఒక వివేకం ఉంది. ఇరుసు కిర్రుమన్న తరువాత కందెన కోసం ఊరు వెతకటం వారు ఎరుగరు. వరద పడవకు కూడా అదే సూత్రం వర్తిస్తుంది.

మీ ప్రాంతాలలో ఈ కందెనను ఏమని పిలిచేవారో, దేనితో చేసేవారో తెలిసిన మిత్రులు తప్పక చెప్పగలరు. మాటలు కూడా వాడకపోతే తుప్పుపట్టేవే కదా!