మేయర్ ఎన్నిక మారితే పాలనా రూపం మారుతుందా? విజయవాడ నగరపాలక సంస్థపై ఒక పరిశీలన

పాలించేది ఒకరా, కొందరా, అనేకులా? ఆ పాలన ఎవరి మేలు కోసం? ప్రభుత్వాలను వర్గీకరించడానికి అరిస్టాటిల్ వేసిన ప్రశ్నలివి. ఆధునిక రాజనీతిశాస్త్రం మరొకటి చేర్చింది: పాలనాధిపతిని ప్రజలే నేరుగా ఎన్నుకుంటే అధ్యక్ష తరహా, అతను సభ విశ్వాసం మీద నిలబడితే పార్లమెంటరీ తరహా. ఈ గీటురాయి మీద విజయవాడ నగరపాలనను పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1888లో మునిసిపాలిటీ అయిన బెజవాడ (నేటి విజయవాడ) 1981లో కార్పొరేషన్ అయింది. 2000లో నగర ఓటర్లు పంచుమర్తి అనురాధను నేరుగా మేయర్‌గా ఎన్నుకున్నారు. 2005 నుంచి ఆ ఎన్నిక కార్పొరేటర్ల చేతికి వెళ్లింది. 2005–10 మధ్య అయిదేళ్లలోనే ముగ్గురు మేయర్లు మారారు. పైపైన చూస్తే అధ్యక్ష తరహా పోయి పార్లమెంటరీ తరహా వచ్చినట్టే.

నా వాదన అది కాదు. వన్ టౌన్ కెనాల్ రోడ్డులోని కార్పొరేషన్ కార్యాలయంలో కార్యనిర్వాహక అధికారం రెండు కాలాల్లోనూ కమిషనర్‌దే. విజయవాడకు వర్తింపజేసిన 1955 నాటి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం ఏర్పాటు అది. బడ్జెట్ అంచనాలు కమిషనర్ తయారుచేస్తే స్టాండింగ్ కమిటీ పరిశీలిస్తుంది, కార్పొరేటర్ల కౌన్సిల్ ఆమోదిస్తుంది. కౌన్సిల్ తీర్మానాన్ని నిలిపివేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికుంది. నగరమంతా ఓటేసి గెలిపించిన మేయర్ సంతకంతో కూడా శాఖలు కదలవు. అందుకే 2000 నాటి పద్ధతిని అధ్యక్ష తరహా అనడం తప్పు. న్యూయార్క్ మేయర్‌కు శాఖాధిపతులను నియమించే అధికారం ఉంది, ఇక్కడి మేయర్‌కు అది లేదు.

అమెరికా నగరాల్లోనే ఉన్న కౌన్సిల్–మేనేజర్ పద్ధతితో పోల్చవచ్చు కదా అని అడగవచ్చు. పోలిక కొంతదూరమే వస్తుంది. అక్కడ మేనేజర్‌ను నియమించేదీ తొలగించేదీ కౌన్సిలే. ఇక్కడ కమిషనర్ నియామకం, బదిలీ రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయాలు. అతను రోజూ ఎదుర్కొనేది కార్పొరేటర్లను, జవాబు చెప్పవలసింది సచివాలయానికి. ఈ చీలికే మన నగరపాలన అసలు లక్షణం, వర్గీకరణకు ఆధారం కావలసిందీ ఇదే.

2010లో కౌన్సిల్ గడువు ముగిశాక 2014 వరకు ఎన్నికైన పాలకవర్గమే లేదు. ప్రత్యేకాధికారి పాలన సాగింది. గడువు ముగియకముందే ఎన్నికలు పూర్తికావాలని రాజ్యాంగం 243–యు అధికరణం చెబుతోంది. పాలకవర్గం లేకపోయినా నీళ్లు వచ్చాయి, చెత్త ఎత్తారు, పన్నులు వసూలయ్యాయి. యంత్రాంగం ఆగకపోవడాన్ని కొందరు ఆ పాలనకు యోగ్యతాపత్రంగా చూస్తారు. నాకు మాత్రం, కౌన్సిల్‌కు ఆ యంత్రాంగం మీద ఎంత తక్కువ పట్టు ఉండేదో అది రుజువు చేస్తోంది.

కాబట్టి విజయవాడ నగరపాలనను ‘రాష్ట్ర నియమిత కార్యనిర్వాహక వ్యవస్థ’గానే వర్గీకరించాలి. మేయర్ ప్రత్యక్ష ఎన్నిక మళ్లీ కావాలని కోరేవారు కమిషనర్ అధికారాల బదిలీని కూడా అదే చట్టసవరణలో కోరాలి.