తెలుగు విశ్వవిద్యాలయం: రద్దయిన అకాడమీల నుంచి పుట్టిన చదువు

తెలుగు భాష, సాహిత్యం, కళలు, సంస్కృతి కోసం 1985 డిసెంబరు 2న హైదరాబాదు కేంద్రంగా ఏర్పడిన ప్రభుత్వ విశ్వవిద్యాలయమిది. చట్టం చేసిన నాడు దీని పేరు తెలుగు విశ్వవిద్యాలయం. 1998లో పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయమైంది. 2025లో తెలంగాణ శాసనసభ దీనికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. ఇక్కడ ఇంజనీరింగు లేదు, వైద్యం లేదు, వందల కొద్దీ అనుబంధ కళాశాలలు లేవు. సాహిత్యం, భాషాశాస్త్రం, సంగీతం, నాట్యం, నాటకం, శిల్పం, చిత్రకళ, జానపద విజ్ఞానం, చరిత్ర, జర్నలిజం, జ్యోతిషం వంటివే దీని చదువులు. విద్యార్థుల సంఖ్యలో చిన్నది. నెత్తిన పెట్టుకున్న పనుల జాబితా మాత్రం ఏ పెద్ద విశ్వవిద్యాలయానికీ తీసిపోదు.

ఆ జాబితా అంత పొడుగ్గా ఎందుకుందో తెలియాలంటే 1985కు ముందు జరిగింది తెలుసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది, 1957లో, రాష్ట్ర సాహిత్య అకాడమీ పుట్టింది. బెజవాడ గోపాలరెడ్డి దానికి అధ్యక్షులు, దేవులపల్లి రామానుజరావు కార్యదర్శి. ఒకరు నెల్లూరు వైపు నుంచి వచ్చిన రాజకీయ నాయకుడు, మరొకరు తెలంగాణ సాహిత్యోద్యమంలో పెరిగిన మనిషి. కొత్తగా కలిసిన రెండు ప్రాంతాలను సాహిత్యం ద్వారా దగ్గర చేయాలన్న ఆశ ఆ ఎంపికలోనే కనిపిస్తుంది. సంగీతం, నాటకం, నృత్యం, లలితకళలకు కూడా అకాడమీలు వచ్చాయి. వీటన్నిటికంటే పాతది తెలుగు భాషా సమితి. 1947లో మద్రాసులో మొదలై, విజ్ఞాన సర్వస్వాన్ని ఒక్కో విషయానికి ఒక్కో సంపుటంగా తెలుగులో తేవడాన్ని అది తన పనిగా పెట్టుకుంది. 1975 ఏప్రిల్‌లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు, విద్యాశాఖ మంత్రి మండలి వెంకటకృష్ణారావు. ఆ సభల ఉత్సాహంలోంచి అంతర్జాతీయ తెలుగు సంస్థ పుట్టింది. రాష్ట్రం బయట, దేశం బయట ఉన్న తెలుగువాళ్లకు భాష నేర్పే బాధ్యత దానిది.

1983 జనవరిలో ఎన్.టి. రామారావు అధికారంలోకి వచ్చారు. తెలుగువారి ఆత్మగౌరవం అనే మాట మీద గెలిచిన ప్రభుత్వం అదే ఏడాది అకాడమీలను రద్దు చేయడం చాలామంది రచయితలకు, కళాకారులకు మింగుడుపడలేదు. రెండేళ్లకు అదే ప్రభుత్వం అకాడమీలను, అంతర్జాతీయ తెలుగు సంస్థను, తెలుగు భాషా సమితిని ఒక్క చట్టం కింద కలిపి విశ్వవిద్యాలయంగా మార్చింది. మామూలుగా విశ్వవిద్యాలయాలు కళాశాలల నుంచి ఎదుగుతాయి. ఇది పుస్తకాలు అచ్చువేసే, పురస్కారాలిచ్చే, పదాలు సేకరించే, నాటకాలాడించే సంస్థల నుంచి వచ్చింది. తరగతి గది ఆ తరువాత వచ్చి చేరింది. ఈ సంస్థలో వింతగా తోచే ప్రతిదానికీ మూలం ఇక్కడే ఉంది.

ఒక భాష పేరిట విశ్వవిద్యాలయం పెట్టాలన్న ఆలోచనకు దక్షిణాదిలో దారి చూపింది తమిళనాడు. తంజావూరులో తమిళ విశ్వవిద్యాలయం 1981లోనే మొదలైంది. తెలుగు తరువాత 1991లో హంపిలో కన్నడ విశ్వవిద్యాలయం, 2012లో తిరూరులో మలయాళ విశ్వవిద్యాలయం వచ్చాయి. తెలుగు గడ్డ మీదే 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అది ద్రావిడ భాషలన్నిటినీ కలిపి చూస్తుంది.

తొలి ఉపాధ్యక్షుడు ఆచార్య తూమాటి దొణప్ప. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనూ నాగార్జున విశ్వవిద్యాలయంలోనూ తెలుగు చెప్పిన పండితుడు. సంస్థానాల సాహిత్యపోషణ మీద సిద్ధాంతగ్రంథం రాసిన ఆయనకు జానపద కళల మీదా అంతే మక్కువ. పండిత సాహిత్యాన్నీ పల్లె కళలనూ ఒకే కప్పు కిందికి తెచ్చే సంస్థకు సరిపోయే మనిషి. ఆయన తరువాత 1989లో సి. నారాయణరెడ్డి వచ్చారు. అంతకు ముందు ఆయన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులు. 'విశ్వంభర'కు 1988 సంవత్సరపు జ్ఞానపీఠం దక్కిన కవి ఆ కుర్చీలో కూర్చోవడంతో కొత్త విశ్వవిద్యాలయానికి జనంలో గుర్తింపు పెరిగింది. పేర్వారం జగన్నాథం, వేమన మీద పరిశోధన చేసిన కవి ఎన్. గోపి, ఈ పదవి చేపట్టిన మొదటి మహిళ ఆవుల మంజులత, అనుమాండ్ల భూమయ్య, ఎల్లూరి శివారెడ్డి, ఎస్వీ సత్యనారాయణ, తంగెడ కిషన్‌రావు ఆ తరువాతి వరుసలో కనిపిస్తారు. దాదాపు అందరూ తెలుగు శాఖల్లో పాఠం చెప్పినవారే. నర్తకులకో శిల్పులకో ఆ పదవి దక్కకపోవడం గమనించదగ్గ విషయం. సంస్థ పేరులోని భాషే పాలనలోనూ పెద్దపీట వేసుకుంది.

హైదరాబాదు ప్రాంగణం దశాబ్దాల పాటు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో నడిచింది. అక్కడి ఎన్టీఆర్ కళామందిరంలో పుస్తకావిష్కరణలు, నాటకాలు, సన్మానాలు జరుగుతూ ఉండేవి. కొన్నేళ్ల కిందట బాచుపల్లిలో కొత్త ప్రాంగణం తయారైంది. స్థలం పెరిగింది, నిజమే. అయితే నగరం నడిబొడ్డున సాయంత్రం పూట ఎవరైనా వచ్చి కూర్చోగలిగే చోటు ఇచ్చిన చనువు ఊరి అంచున దొరకడం కష్టం.

మిగతా శాఖలను చోటును బట్టి పెట్టారు. రాజమహేంద్రవరం దగ్గర బొమ్మూరులో సాహిత్యం. నన్నయ భారతం రాసిన ఊరికి అది సహజంగానే దక్కింది. శ్రీశైలంలో చరిత్ర, సంస్కృతి, పురాతత్త్వం. గుడి గోడల మీదే శిల్పాలు, చుట్టూ శాసనాలు, కింద కృష్ణానది ఉన్న చోట చరిత్ర చదువుకోవడం విద్యార్థికి అదృష్టమే. వరంగల్లులో జానపద గిరిజన విజ్ఞాన పీఠం. అక్కడ పరిశోధనతో పాటు జానపద వస్తువుల ప్రదర్శనశాల కూడా ఉంది.

అన్నిటిలోనూ ఆసక్తికరమైనది కృష్ణా జిల్లా కూచిపూడిలోని సిద్ధేంద్రయోగి కళాపీఠం. దీని కథ విశ్వవిద్యాలయం కంటే పాతది. కూచిపూడి అప్పట్లో కొన్ని కుటుంబాల మగవాళ్లు మేళాలు కట్టి ఊరూరా తిరుగుతూ ఆడే నాట్యం. వకీలు, రంగస్థల నటుడు అయిన బందా కనకలింగేశ్వరరావు ఆ ఊరివాళ్ల వెంట నిలబడి, ఆ కళకు శాస్త్రీయ నాట్యంగా గుర్తింపు కోసం పోరాడి, ఊళ్లోనే కళాక్షేత్రం రావడానికి కారకులయ్యారు. ఆ కళాక్షేత్రం కాలక్రమంలో తెలుగు విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. తండ్రి నుంచి కొడుక్కి అరుగు మీద అందిన విద్య సర్టిఫికెట్, డిప్లొమా, పీజీ తరగతులుగా మారింది. ఆ కుటుంబాలతో సంబంధం లేని ఆడపిల్లలు, ఇతర రాష్ట్రాల వాళ్లు, విదేశీయులు అక్కడికి వచ్చి నేర్చుకోగలిగారు. సోలో నాట్యానికి ఉన్న గిరాకీలో మరుగునపడుతున్న యక్షగానానికీ పాఠ్యక్రమంలో చోటిచ్చారు. ఈ ఒక్క పనికైనా ఆ పీఠాన్ని మెచ్చుకోవాలి.

హైదరాబాదులో పగలు నడిచే పీజీ కోర్సులు ఒక రకం: తెలుగు, భాషాశాస్త్రం, జర్నలిజం, కర్ణాటక సంగీతం, కూచిపూడి, ఆంధ్రనాట్యం, జానపద కళలు, రంగస్థలం, శిల్పం, చిత్రకళ. ఆంధ్రనాట్యం ఆలయ, ఆస్థాన నర్తకీమణుల సంప్రదాయం. దాన్ని నటరాజ రామకృష్ణ పట్టుదలగా వెలికి తీశారు. అది పట్టా ఇచ్చే చదువు కావడం, దేవదాసీ కళ పేరెత్తడానికే జనం మొహమాటపడిన కాలం తరువాత చిన్న విషయమేమీ కాదు.

సాయంకాలపు కోర్సులది ఇంకో లోకం. లలిత సంగీతం, పద్యనాటకం, హరికథ, మిమిక్రీ, చివరికి ఇంద్రజాలం కూడా! బ్యాంకు ఉద్యోగి, బడిపంతులు, దుకాణం నడిపేవాడు పగలు పని ముగించుకుని వచ్చి హార్మోనియం పక్కన పద్యం అందుకోవచ్చు. విశ్వవిద్యాలయంలో గారడీ ఏమిటని ఎగతాళి చేసినవాళ్లున్నారు. కానీ సురభి వంటి నాటక సమాజాలు 'మాయాబజార్' ఆడి జనాన్ని కూర్చోబెట్టింది రంగస్థల కనికట్టుతోనే. నేరెళ్ల వేణుమాధవ్ మిమిక్రీని ఒక కళగా నిలబెట్టింది తెలుగునేల మీదే. జనం డబ్బిచ్చి చూసిన కళకు పాఠ్యక్రమంలో చోటుండటం తప్పేమీ కాదు. జ్యోతిషం విషయంలో అదే మాట చెప్పలేం. దాన్ని సంస్కృతి చరిత్రలో భాగంగా చదవడం వేరు, జాతకం చూడటానికి పట్టా ఇవ్వడం వేరు. ఈ సంస్థ రెండో దారి పట్టింది. దూరవిద్యలోనూ ఆ కోర్సు నడుస్తోంది.

పాఠాల కంటే ఎక్కువ కాలం నిలిచే పని అకాడమీల నుంచి వచ్చిన పుస్తకాలది. మాండలిక వృత్తి పదకోశాన్ని సాహిత్య అకాడమీ మొదలుపెట్టింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాలది 1971లో వెలువడ్డాయి. సేకర్తలు ఊళ్లకు వెళ్లి రైతునూ సాలెవాడినీ అడిగి పదాలు రాసుకున్నారు. ఒకచోట నాగలి అన్నది రాయలసీమలో మడక, ఒకచోట మోట అన్నది మరోచోట కపిల. ఏ పదం ఏ జిల్లాలో వాడుకలో ఉందో చూపిన పుస్తకాలివి. అకాడమీ రద్దయ్యాక ఈ వరుసను ముందుకు నడిపే బాధ్యత తెలుగు విశ్వవిద్యాలయానికే వచ్చింది. భాషా సమితి వారసత్వంగా విజ్ఞాన సర్వస్వ కేంద్రం కూడా చేతికొచ్చింది. ఏటా ఇచ్చే విశిష్ట పురస్కారం, సాహిత్య, కీర్తి పురస్కారాలు ఆ పాత అలవాటు కొనసాగింపే.

అంతర్జాతీయ తెలుగు సంస్థ పని వేరే రూపంలో సాగింది. అమెరికాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడిలో తెలుగు నేర్చుకున్న పిల్లలకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చింది తెలుగు విశ్వవిద్యాలయమే. తెలుగు రాష్ట్రాల్లో తెలుగు రాకుండా బడి దాటే పిల్లలు పెరుగుతున్న కాలంలో, కాలిఫోర్నియా పిల్లలు నాంపల్లి ముద్ర ఉన్న కాగితం కోసం ఒత్తులూ గుణింతాలూ దిద్దారు.

2008లో కేంద్రం తెలుగుకు ప్రాచీన భాష హోదా ఇచ్చినప్పుడు, ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం ఇక్కడికే వస్తుందని అనుకోవడం సహజం. అది ముందు మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థలో మొదలై తరువాత నెల్లూరుకు చేరింది.

2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. విభజన చట్టం పదో షెడ్యూలులోకి ఎక్కిన ఉమ్మడి సంస్థల్లో ఇదీ ఒకటి. హైదరాబాదు, వరంగల్లు తెలంగాణ వైపు, రాజమహేంద్రవరం, శ్రీశైలం, కూచిపూడి ఆంధ్రప్రదేశ్ వైపు. ఒకే సంస్థ, రెండు ప్రభుత్వాలు. జీతాలెవరివి, నియామకాలెవరివి, ఆస్తులెవరివి అన్న ప్రశ్నలు ఏళ్ల తరబడి నలిగాయి. ఖాళీలు పెరిగినప్పుడు చిన్న శాఖలే ముందు చిక్కిపోతాయి. 2017లో తెలంగాణ మళ్లీ సాహిత్య అకాడమీని ఏర్పాటు చేసి నందిని సిధారెడ్డిని అధ్యక్షుడిగా నియమించింది. 1983లో రద్దయిన వ్యవస్థే మరో రాష్ట్రంలో మరో పేరుతో తిరిగి వచ్చింది.

పేరు మార్పు 2024 సెప్టెంబరులో తెలంగాణ మంత్రివర్గ నిర్ణయంతో మొదలై 2025 మార్చిలో శాసనసభ ఆమోదంతో ముగిసింది. సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక నడిపిన సంపాదకుడు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చినవాడు. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు, ఆయన పోయిన తరువాత, 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. ఆంధ్ర రాష్ట్రం కోసం 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణమిచ్చిన పొట్టి శ్రీరాములు పేరు తీసేయడం మీద అభ్యంతరాలు వచ్చాయి. చర్లపల్లి రైల్వే టెర్మినల్‌కు ఆయన పేరు పెట్టమని కేంద్రాన్ని కోరతామని ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సభలో చెప్పారు. జనం కట్టిన ఇళ్లు, తిన్న తిండి, ఆడిన ఆటల నుంచి చరిత్ర రాసిన వ్యక్తి పేరు ఈ సంస్థకు నప్పుతుందనడంలో సందేహం లేదు. అది మరొకరిని తప్పించి పెట్టాల్సిన పేరా అన్నది వేరే ప్రశ్న.

కొత్త పేరుకు తగిన పని ఒకటి ఎదురుగానే ఉంది. వ్యవసాయ పదకోశం వచ్చి 60 ఏళ్లు దాటింది. ఆనాడు మోట గురించి చెప్పిన రైతులు లేరు, మోటలూ లేవు, మగ్గాలు వేగంగా తగ్గుతున్నాయి. వృత్తుల పదాలను జిల్లా జిల్లాకూ వెళ్లి మరోసారి, ఈసారి గొంతులతో సహా, రికార్డు చేయడానికి కావలసిన భాషాశాస్త్ర శాఖ, జానపద పీఠం, పదకోశాల అనుభవం మూడూ ఒకేచోట ఉన్న తెలుగు సంస్థ ఇది. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ చెరిసగం ఖర్చు పెట్టి ఆ పని దీనికి అప్పగించాలి.