చుట్ట పెట్టెకు ప్రతిపదార్థం

మూలం: నికరాగువా పూరో. త్రిపా లార్గా. కొరోహో. కనెక్టికట్. మదూరో. రొబుస్తో. ఎచో ఆ మానో.

ఇది ఏ ఒక్క పెట్టె మీదా ఉన్న వాక్యం కాదు. ఖరీదైన సిగార్ పెట్టెల మీద విడివిడిగా కనిపించే మాటల్ని నేనే ఒక వరసలో కూర్చాను. క్రియ లేదు, విభక్తి లేదు. మన కొలచల మల్లినాథుడు కాళిదాసుకి చేసిన సేవ ఒక చుట్టకి చేయబోవడం అపచారమని తోచినవారు మన్నించాలి. ఈ మాటల్లో కొన్ని ఊళ్ల పేర్లు, లేదా ఊళ్ల నుంచి పుట్టిన పేర్లు. పెట్టె మీద ఉన్న ఊరికీ ఆకు పండిన ఊరికీ చాలాసార్లు సంబంధం ఉండదు. ఆ తిరకాసు చూశాకే దీనికి వ్యాఖ్యానం అవసరమనిపించింది.

సిగార్: మూలంలో లేకపోయినా ముందు దీని సంగతి తేల్చాలి. స్పానిష్ ‘సిగార్రో’ నుంచి ఇంగ్లీషుకి వచ్చిన మాట. క్యూబాలో ‘సిగార్రో’ అంటే సిగరెట్టు. చుట్టని అక్కడ ‘తబాకో’ అంటారు. ఆకుకీ చుట్టకీ ఒకటే మాట. మన ‘చుట్ట’ క్రియలోంచి వచ్చింది, చుట్టేది కనుక చుట్ట. తమిళుల ‘సురుట్టు’దీ అదే పుట్టుక. అదే దొరల నోట ‘షెరూట్’ అయి ఇంగ్లీషు నిఘంటువులకెక్కింది. కాబట్టి ఇకపై సిగార్‌ని చుట్ట అనే రాస్తాను. ధరలో తేడా ఉందేమో గాని కులం ఒకటే.

పూరో: శుద్ధమైనది. లోపలి ఆకు నుంచి పైఆకు దాకా అంతా ఒకే దేశపు పంటైతే అది పూరో. క్యూబా చుట్టలన్నీ పూరోలే. మిగతా దేశాల్లో సంకరమే ఎక్కువ: పైఆకు ఈక్వడార్‌ది, లోపలి ఆకు నికరాగువాది, కట్టింది డొమినికన్ రిపబ్లిక్‌లో. ఇందులో తప్పేమీ లేదు, మంచి కాఫీ పొడి కూడా అలాగే కలుపుతారు. డొమినికన్ నేలలో మంచి పైఆకు పండదని చాలాకాలం అనుకునేవారు. ఫ్యూయెంతే కుటుంబం సొంత తోటలో పండించిన పైఆకుతో 1995లో ‘ఓపస్ ఎక్స్’ తెచ్చాక ఆ మాట వెనక్కి తీసుకున్నారు.

త్రిపా లార్గా: త్రిపా అంటే పేగు. చుట్ట కడుపులో ఉండే ఆకు అన్నమాట. లార్గా అంటే పొడవైనది, అంటే తరుగు కాదు, ఈనె తీసిన నిండు ఆకు. ఈ పేగుల్ని పట్టి ఉంచే ఆకు ‘కపోతే’, అంగరఖా. అన్నిటికన్నా పైన చుట్టేది ‘కపా’, ఉత్తరీయం. పేగులకి అంగరఖా తొడిగి, పైన ఉత్తరీయం కప్పితే అది చుట్ట. ఇంత మనిషి పోలిక ఉన్న సరుకు ఇంకొకటి చెప్పడం కష్టం.

పేగుల్లోనూ తరగతులున్నాయి. మొక్క అడుగు ఆకులు ‘వొలాదో’: రుచి తక్కువ, కాలే గుణం ఎక్కువ. నడిమి ఆకులు ‘సేకో’: వాసన వీటిదే. కొస ఆకులు ‘లిహేరో’. ఎండ సూటిగా పడేది వీటి మీద. తలలు తుంచాక మొక్క సత్తువంతా చేరేదీ వీటిలోకే. అందుకే దళసరిగా, జిడ్డుగా, ఘాటుగా ఉంటాయి, నెమ్మదిగా కాలతాయి. చుట్టేవాళ్లు వీటిని సరిగ్గా నడి మధ్యన పెడతారు. ఇంతకీ లిహేరో అంటే స్పానిష్‌లో ‘తేలికైనది’ అని అర్థం! దీపం ఆరిందనకుండా కొండెక్కిందనే మనకి ఇదేమీ వింతగా తోచదు.

ఘాటు మాట వచ్చింది కనుక ఒక సంగతి. ఈ చుట్టల పొగ సాధారణంగా ఊపిరితిత్తుల్లోకి పీల్చరు, నోట్లో ఆడించి వదులుతారు. అందువల్ల హాని లేదని కొందరి నమ్మకం. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకి ఆ నమ్మకంతో పనిలేదు. విశాఖ, శ్రీకాకుళం వైపు నిప్పుకొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చే ఆడవాళ్ల అంగిళ్లలో వైద్యులు చూసిన పుండ్ల గురించి ప్రపంచ వైద్య పత్రికల్లో అచ్చయింది. ధర పెరిగినంత మాత్రాన పొగ మారదు.

కొరోహో: ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మొత్తం కథ ఈ మాటలోనే ఉంది.

క్యూబా పడమటి కొసన పినార్ దెల్ రియో అనే రాష్ట్రం. అందులో శాన్ లూయిస్, శాన్ హువాన్ ఇ మార్తీనెస్ అనే రెండు ఊళ్ల చుట్టుపక్కల ఉన్న ఎర్ర ఇసుక నేలని వూయెల్తా అబాహో అంటారు. మన దగ్గర కోనసీమ కొబ్బరి, బనగానపల్లె మామిడి అన్నట్టు పొగాకులో ఆ నేల పేరు చెబితే చాలు. పేగూ అంగరఖా ఉత్తరీయం మూడూ పండే చోటు అది. ఉత్తరీయపు ఆకుకి ఎండ సూటిగా తగలకుండా పొలం మొత్తానికి పలచటి గుడ్డ పందిరి వేస్తారు. అప్పుడే ఆకు పలచగా, వెడల్పుగా, ఈనెలు కనబడనంత నున్నగా వస్తుంది. కోసిన ఆకుని కర్రలకి గుచ్చి కలప కొట్టాల్లో వేలాడదీస్తారు. ఒంగోలు వైపు బ్యారన్లలోలాగా నిప్పు పెట్టరు. గాలికే వారాల తరబడి ఆరాలి. వాన వాసన తగిలితే కొట్టం తలుపులు మూయడం, ఎండ వస్తే తెరవడం, ఇదే రైతు పని. 2022 సెప్టెంబరు 27న ఇయాన్ తుఫాను ఆ రాష్ట్రం మీదుగా పోయినప్పుడు వేలాది కొట్టాలు నేలమట్టమయ్యాయి. ఆకు లేకపోవడం ఒక కష్టం, ఆరబెట్టే చోటు లేకపోవడం దానికి మించిన కష్టం.

శాన్ లూయిస్ దగ్గరి ఒక తోట పేరు శాంతా ఇనెస్ దెల్ కొరోహో. అక్కడ తయారైన పైఆకు వంగడానికి తోట పేరే అంటింది. దశాబ్దాల పాటు క్యూబా చుట్టల ఉత్తరీయం అంటే అదే. అయితే ఆ మొక్కకి నీలి బూజు తెగులంటే గండం. 1980 ప్రాంతంలో ఆ తెగులు క్యూబా పంటని ఊడ్చిపెట్టింది. 1990ల్లో అక్కడి శాస్త్రజ్ఞులు తెగులు తట్టుకునే కొత్త వంగడాలు దించి అసలు కొరోహోని పక్కనపెట్టారు. ఈలోగా విత్తనం సముద్రం దాటిపోయింది. హోండురాస్‌లోని హమాస్త్రాన్ లోయలో దాన్ని నిలబెట్టినవాళ్లున్నారు. ఇవాళ పెట్టె మీద కొరోహో అని కనిపిస్తే అది ఆ తోట గుర్తు కాదు, ఆ తోట విత్తనపు వంశం గుర్తు. ఇంటిపేరు ఒక ఊరిదీ కాపురం ఇంకో ఊళ్లోనూ ఉన్నవాళ్లం మనం, అర్థం చేసుకోగలం.

విత్తనంతో పాటు పేర్లూ వలసపోయాయి. 1960 సెప్టెంబరులో కాస్త్రో ప్రభుత్వం చుట్టల ఫ్యాక్టరీలన్నిటినీ జాతీయం చేసింది. యజమానులు దేశం విడిచారు, పేర్ల మీది హక్కు తమదేనన్నారు. అందుకే పర్తగాస్, మోంతెక్రిస్తో, రోమియో ఇ హూలియెతా, అన్నీ ఇవాళ రెండేసి: క్యూబాలో ఒకటి, అమెరికాలో అమ్మడానికి డొమినికన్‌లోనో హోండురాస్‌లోనో చుట్టినది ఇంకొకటి. కోహీబా కథ మరీ చిత్రం. 1966లో కాస్త్రో కోసం, ఆయన అతిథుల కోసం ఎల్ లాగితో అనే భవనంలో మొదలైన చుట్ట అది. 1982 దాకా బజారుకి రాలేదు. అప్పటికే అమెరికాలో ఒక కంపెనీ అదే పేరు నమోదు చేసుకుంది. దాని మీద కోర్టు తగాదా దశాబ్దాల పాటు సాగింది. కోహీబా అనేది తైనో ప్రజల మాట, కొలంబస్ రాకముందు ఆ దీవిలో పొగాకు కాల్చినవాళ్లది. వాళ్ల తరపున ఎవరూ దావా వేయలేదు.

క్యూబా సరుకు మీద అమెరికా నిషేధం 1962 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టడానికి ముందు రోజు సాయంత్రం అధ్యక్షుడు కెనడీ తన పత్రికా కార్యదర్శి పియర్ సాలింజర్‌ని పిలిచి పెతీ ఉప్‌మన్ చుట్టలు వెయ్యి తెమ్మన్నాడట. సాలింజర్ పన్నెండు వందలు తెచ్చాడు. అవి చేతికొచ్చాక సంతకం పెట్టాడని సాలింజరే తరవాత రాసుకున్నాడు. పెళ్లి ముహూర్తానికి ముందే విస్తరి వేయించుకున్న పెద్దమనిషి వ్యవహారం.

నికరాగువా: వలసపోయిన విత్తనానికి దొరికిన మెట్టినిల్లు. ఎస్తెలీలో నల్లమన్ను, ఆకు ఘాటు. హలాపా లోయలో ఎర్రమన్ను, ఆకు మెత్తన, తీపి. పెద్ద సరస్సు మధ్య ఒమెతేపే దీవిలో అగ్నిపర్వతపు బూడిద నేల. నేల రంగు చెబితే పొగ రుచి చెప్పగలరు అక్కడి రైతులు. హొసే ఒర్లాందో పద్రోన్ క్యూబాలో పొగాకు రైతు కుటుంబంలో పుట్టాడు. మయామీ చేరి వడ్రంగి పనితో డబ్బు కూడబెట్టి 1964లో సొంత చుట్టలు మొదలుపెట్టాడు. ఆ పనికి వాడిన చిన్న సుత్తి ఆ ఇంటి చిహ్నమైంది. 1970లో ఎస్తెలీకి మారాడు. 1978లో అక్కడి అల్లర్లలో ఫ్యాక్టరీ తగలబడింది. మళ్లీ కట్టాడు. 1985లో అమెరికా నికరాగువా మీద కూడా నిషేధం పెట్టింది. ఒక నిషేధపు పొలిమేర దాటి వచ్చినవాడికి రెండోది ఎదురైంది. ఇవాళ పద్రోన్ పెట్టె మీద కనిపించే ‘1964’ ఆ మొదటి సంవత్సరమే.

కనెక్టికట్: అమెరికా ఈశాన్యంలో మంచు కురిసే రాష్ట్రం, అక్కడ పొగాకేమిటని అనుమానం రావచ్చు. కనెక్టికట్ నది ఒండ్రులో వేసవి పంట. సుమత్రా నుంచి వచ్చే పలచటి పైఆకు తమ ఆకుని బజారులో దెబ్బకొడుతుంటే, 1900లో గుడ్డ పందిళ్ల కింద పండించి చూశారు. ఆకు లేతరంగులో, పట్టులా వచ్చింది. ఆ పందిళ్ల కింద కూలిపనికి జార్జియా నుంచి వచ్చిన కాలేజీ కుర్రాళ్లలో 1944 వేసవిలో మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ కూడా ఉన్నాడు. హార్ట్‌ఫర్డ్ నగరంలో తెల్లవాళ్లతో ఒకే హోటల్లో భోంచేయగలగడం అతనికి కొత్త. ఆ సంగతి ఇంటికి ఉత్తరం రాశాడు. ఇప్పుడు పెట్టె మీద కనెక్టికట్ అని ఉన్న పైఆకులో చాలా భాగం ఈక్వడార్‌ది. అక్కడ ఆండీస్ కొండల పాదాన ఆకాశం పంటకాలమంతా మబ్బుపట్టి ఉంటుంది, గుడ్డ ఖర్చు లేదు. నవ్వుకునే ముందు గుర్తుంచుకోవాలి: ప్రకాశం జిల్లా నల్లరేగడిలో పండే దాన్ని మనమూ వర్జీనియా అంటున్నాం.

మదూరో: పండినది. నల్లటి పైఆకు. రంగు వేయడం వల్ల కాదు, మగ్గబెట్టడం వల్ల వచ్చేది. ఆరిన ఆకుని పదును చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి మండె కడతారు. లోపల వేడి పుడుతుంది, అమ్మోనియా వాసన కళ్లు మండిస్తూ బయటికి పోతుంది. వేడి మితిమీరితే మండె విప్పి, పైది కిందికీ కిందది పైకీ మార్చి మళ్లీ కడతారు. మదూరోకి ఈ తంతు ఎక్కువ వేడిలో, ఎక్కువ కాలం. పలచటి ఆకు దానికి నిలవదు. మెక్సికోలోని శాన్ అంద్రేస్ ఆకో, పందిరి లేకుండా ఎండలో పండిన కనెక్టికట్ వెడల్పాకో కావాలి. నల్లగా ఉంది కనుక ఘాటుగా ఉంటుందనుకోవడం పొరపాటు. చాలా మదూరోలు తియ్యగా ఉంటాయి.

రొబుస్తో: కొలత పేరు. అయిదంగుళాల లోపు పొడవు, యాభై లావు. లావుని అంగుళంలో అరవై నాలుగో వంతుల్లో చెబుతారు. చర్చిల్ పేరిట ఉన్నది ఏడంగుళాలు. ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

ఎచో ఆ మానో: చేత్తో చేసినది. క్యూబా పెట్టెల అడుగున ‘తోతాల్‌మెంతే’, అంటే పూర్తిగా, అని ముందు చేరుస్తారు. యంత్రంతో కట్టి పైఆకు మాత్రం చేత్తో చుట్టేవాళ్లు కూడా ‘చేత్తో’ అనేస్తారు కాబట్టి. చుట్టేవాళ్ల పనిముట్టు చవేతా అనే అర్ధచంద్రాకారపు కత్తి, ఒక చెక్కపలక, కాస్త జిగురు. చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీ. 1865లో హవానాలోని ఎల్ ఫిగరో ఫ్యాక్టరీలో ఆ చెవుల కోసం ఒక చదువరిని కూర్చోబెట్టారు. పొద్దున పత్రికలు, తరవాత నవలలు. జీతం పనివాళ్లే తమ కూలిలోంచి వేసుకున్నారు. వాళ్లకి డ్యూమా నవల ఎంత నచ్చిందో 1935లో పుట్టిన ‘మోంతెక్రిస్తో’ పేరే చెబుతుంది.

లంక: ఈ మాట మూలంలో లేదు. ప్రక్షిప్తమని తెలిసే చేరుస్తున్నాను. గోదావరి వరద తీశాక ఒండ్రు మేట వేసిన దీవులు మన లంకలు, అక్కడి ఆకు లంక పొగాకు. ఆ ఆకుతో చేసిన ఘాటైన చుట్టలకి మద్రాసు రాజధానిలో ఎంత గిరాకీ ఉండేదంటే నేల పేరే చుట్ట పేరైంది. దొరల నోట అది ‘లుంకా’. హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో దానికి పద్దు ఉంది, గోదావరి సంగతీ ఉంది. 1890లో వచ్చిన ‘ద సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ చుట్టల బూడిద చూసి నేరస్థుణ్ణి పట్టే తన విద్య గురించి వాట్సన్‌కి చెబుతూ తిరుచిరాపల్లి చుట్టతో పాటు ఈ లుంకాని కూడా తలుస్తాడు. హంతకుడు లుంకా కాల్చేవాడని తేలితే వెతుకులాట ఎంతో తగ్గుతుందంటాడు. ఆ నవల చదివిన తెలుగువాళ్లు ఎందరో ఉంటారు. ఆ మాట దగ్గర ఆగి, అది మన లంకే కదా అని పోల్చుకున్నవాళ్లు నాకింకా తారసపడలేదు. నేనూ మూడోసారి చదివినప్పుడే పోల్చుకున్నాను.