పిడికెడు గింజలు, లెక్కల పుస్తకం

ఒక క్రైస్తవ సంఘం బాగుందా లేదా అంటే మనవాళ్లు ముందుగా చూసేవి మూడు. ఆదివారం జనం ఎంతమంది వచ్చారు, గుడి ఎంత పెద్దది, అయ్యగారు వాక్యం ఎంత బాగా చెబుతారు. మూడూ కంటికి కనబడేవే కాబట్టి వీటితో తీర్పు చెప్పేయడం తేలిక. పాత వరంగల్ జిల్లాలో క్రైస్తవ సంఘాల చరిత్ర చదివితే మాత్రం ఈ మూడింటి కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు రెండు కనిపిస్తాయి. సంఘం బరువు ఎవరు మోస్తున్నారు? మోసేవాళ్లకు లెక్క అడిగే హక్కు ఉందా? మొదటి ప్రశ్నకు ఈ ప్రాంతపు పేదలు గట్టి జవాబే చెప్పారు. రెండో ప్రశ్నకు వచ్చేసరికి వాళ్ల నాయకులు తడబడ్డారు. ఆ తడబాటు ఇంకా పూర్తిగా పోలేదు.

చిట్యాల ఇవాళ జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది, డోర్నకల్ మహబూబాబాద్ జిల్లాలో. 2016లో జిల్లాలు విడదీయక ముందు రెండూ వరంగల్ జిల్లావే. ఈ జిల్లాలోకి క్రైస్తవం ఒకే దారిన రాలేదు. 1879లో అమెరికన్ బాప్టిస్టులు హన్మకొండలో మిషన్ మొదలుపెట్టారు. కథోలికుల వరంగల్ మేత్రాసనం 1952లో ఏర్పడింది. ఈ రెండింటి నడుమ, సింగరేణి బొగ్గు కోసం ఇల్లెందు వైపు వేసిన రైలుదారి చీలేచోట, డోర్నకల్‌లో ఆంగ్లికన్ సంఘం పుట్టింది. నా వాదనకు దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. మిగతాచోట్ల అలవాటుగా జరిగిపోయినవాటిని ఇక్కడ తెలిసి, ప్రయోగంగా చేశారు. చిట్యాల వైపు పల్లెల్లోని చిన్న చిన్న గుళ్లు ఏ శాఖవైనా, వాటిని తూచడానికి కావలసిన తూకపురాళ్లు డోర్నకల్ చరిత్రలోనే దొరుకుతాయి.

అసలు డోర్నకల్ మిషన్ పుట్టుకే వింత. దాన్ని నడిపింది తెల్లదొరలు కారు. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. మనుషులూ మనవాళ్లే, డబ్బూ మనదే అన్నది దాని నియమం. ఆ సొసైటీ స్థాపకుల్లో ఒకడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో తానే డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టకపోతే అది జరిగేది కాదు. నల్లవాడి కింద తెల్ల మిషనరీలు ఎలా పనిచేస్తారన్న గొణుగుడు అప్పట్లో చాలానే వినిపించింది. మొదట చిన్నదిగా ఉన్న ఆయన డయాసిస్, అంటే బిషప్పు పరిధి, 1920 తర్వాత కృష్ణా తీరం దాకా, కర్నూలు వైపు నంద్యాల దాకా పెరిగింది.

అందులో చేరింది ఎక్కువగా మాలలు, మాదిగలు. నిజాం రాజ్యంలోని పల్లెల్లో దొరగారి గడీకి వెట్టి చేసేవాళ్లు, జీతానికి కుదిరి గింజలు కూలిగా తీసుకునేవాళ్లు. చేతిలో నగదు ఆడని జనం. ఇలాంటివాళ్లతో కట్టిన సంఘం తన కాళ్ల మీద తాను నిలబడాలని అజరయ్య పట్టు. ఆలోచన ఆయనకు కొత్తగా తట్టింది కాదు. చర్చ్ మిషనరీ సొసైటీ కార్యదర్శిగా పనిచేసిన హెన్రీ వెన్ 19వ శతాబ్దపు నడిమి దశకాల్లోనే స్వయంపోషణ, స్వయంపాలన, స్వయంవ్యాప్తి అని మూడు గుర్తులు చెప్పి పెట్టాడు. కాగితం మీద మూడూ ఒకే వరసలో కూర్చున్నాయి. డోర్నకల్ పల్లెల్లో మాత్రం వ్యాప్తి ముందు పరుగెత్తింది, పోషణ ఆయాసపడుతూ వెనక నడిచింది, పాలన అన్నింటికన్నా ఆలస్యంగా బయల్దేరింది.

పోషణ సంగతి దగ్గరగా చూడాలి. పొయ్యి మీద ఎసరు పెట్టాక, చేటలోని గింజలు ఎసట్లో పోసే ముందు ఇంటి ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. బియ్యమే కానక్కర్లేదు. మెట్ట పొలాల తెలంగాణలో ఆ రోజుల్లో పేదింటి కూడు జొన్నలే. వారంలో కుండలో చేరింది ఆదివారం గుడికి వస్తుంది. పంట చేతికొచ్చాక కోతల పండుగ. కోళ్లు, గుమ్మడికాయలు, మిరపకాయలు, ధాన్యం పీఠం ముందు పెట్టి ఆరాధన చేస్తారు, అదయ్యాక వేలం పాడతారు. పాటలో కోడిని కొన్నవాడు దాన్ని మళ్లీ కానుకగా ఇచ్చేసి మళ్లీ పాట పెట్టించడం ఈ పండుగలో ముచ్చటైన ఘట్టం. ఒకే కోడి రెండుమూడుసార్లు అమ్ముడుపోతుంది. ఇచ్చే అలవాటు సంఘానికి ప్రాణమని నమ్మిన అజరయ్య క్రైస్తవ దాతృత్వం మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు.

తినడానికే లేనివాళ్ల నుంచి పిడికెడు లాగడం ధర్మమా అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. దొరకు వెట్టి, షావుకారుకు వడ్డీ, ఇప్పుడు దేవుడికి గింజలా? తేడా ఎక్కడుందంటే, వెట్టికి కాదనే వీలు లేదు, పిడికెడుకు ఉంది. ఇంకో తేడా కూడా ఉంది. తరతరాలుగా ఊరి దృష్టిలో మాలవాడ, మాదిగవాడ అంటే అడుక్కునే చేతులు. పండగపూట దొరగారి ఇంటి ముందు నిలబడితే పడేసింది తీసుకోవాలి. అలాంటివాళ్లను ఇచ్చేవాళ్లుగా నిలబెట్టింది ఈ పిడికెడే. మిషన్ జీతమిచ్చి ఉపదేశిని పంపితే అతను మిషన్ మనిషి. వాడ గింజలు తిని బతికే ఉపదేశి వాడ మనిషి. గింజలు ఆగితే అతనికి ముందే తెలుస్తుంది, ఎందుకు ఆగాయో వచ్చి అడగాల్సి వస్తుంది. కాకపోతే ఈ న్యాయం ఒక షరతు మీద నిలబడుతుంది. ఇచ్చినవాడికి అడిగే నోరు కూడా ఉండాలి. అది లేనిచోట పిడికెడుకూ వెట్టికీ దూరం తగ్గిపోతుంది.

బరువంటే గింజలొక్కటే కాదు. బాప్తిస్మం పొందినవాళ్లతో అజరయ్య ఒక మాట పలికించేవాడు. తల మీద చేయి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని అపొస్తలుడైన పౌలు అన్నట్టే తామూ అనాలి. చదువు రాని కూలివాడు కూడా ఆ క్షణం నుంచి బోధకుడే. ఏటా ఒక వారం సంఘంలోని మామూలు మనుషులే బృందాలుగా పక్క ఊళ్లకు వెళ్లి సాక్ష్యం చెప్పేవాళ్లు. సేవకు తయారయ్యే యువకులతో పాటు వాళ్ల భార్యలకూ డోర్నకల్‌లో శిక్షణ ఇచ్చారు. అయ్యగారు ఊరెళ్లినప్పుడు వాడను చూసుకునేది అమ్మగారే కదా. మురికి, జబ్బు, అప్పు, తాగుడు అనే నాలుగూ సంఘానికి పట్టిన దయ్యాలని అజరయ్య అనేవాడు. ఈ నాలుగింటిలో అప్పును చేర్చడం నాకు నచ్చిన సంగతి. ప్రార్థనతో పోయేది కాదది. పెళ్లికి ఎంత ఖర్చు పెట్టాలో వాడంతా కూర్చుని తేల్చుకుంటే పోయేది.

ఇదంతా అన్నం కోసం మతం మారినవాళ్ల కథే కదా అన్నది పాత విమర్శ. 1930లలో గాంధీ దీన్ని గట్టిగా వినిపించారు. 1936లో అమెరికన్ మిషన్ నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ, మతాల తారతమ్యం తేల్చుకునే శక్తి హరిజనులకు లేదన్న అర్థం వచ్చేలా అన్నారు. ఆంధ్ర ప్రాంతంలో మాల, మాదిగ క్రైస్తవుల నడవడి మారడం చూసి శూద్ర కులాలవాళ్లు కూడా వస్తున్నారని అజరయ్య చెబితే దానికి రుజువేమిటని నిలదీశారు. గాంధీ సందేహాన్ని కొట్టిపారేయనక్కర్లేదు. కరువు, దొరల జులుం, బడి మీద ఆశ, ఇవన్నీ కలిసే జనాన్ని గుడి వైపు నడిపించాయి. ఒంగోలు వైపు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కరువు సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడంటే ఈ భయం మిషనరీలకూ ఉన్నట్టే. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది ఆ ఆపుదల తర్వాతనే. ఆ ఉద్యమానికి బాట వేసింది మాత్రం యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి. ఎవరో తోలుకొస్తే వచ్చిన మంద కాదది, తమలో ఒకడి మాట నమ్మి వచ్చిన బంధుబలగం. సామూహిక మతమార్పిళ్ల మీద 1933లో పుస్తకం వెలువరించిన వాస్కమ్ పికెట్ తేల్చింది కూడా ఈ వాదానికి పనికొస్తుంది. చేరినప్పటి ఉద్దేశం కంటే, చేరాక దొరికిన బోధ, క్రమం తప్పని ఆరాధన సంఘం నాణ్యతను ఎక్కువగా నిర్ణయించాయని ఆయన పరిశీలన. ఆకలితో వచ్చినవాడు పదేళ్లకు పిడికెడు తీసి పెడుతున్నాడా అన్నది చూడాలి. ఆకలితో వచ్చాడన్నది అతని మీద నేరం కాదు.

నాకు ఇంతకంటే బలంగా కనిపించే అభ్యంతరం కులం. గాంధీ విమర్శకు జవాబుంది, దీనికి సగమే ఉంది. మాలలు, మాదిగలు విడివిడి వాడల్లో ఉంటూనే క్రైస్తవులయ్యారు. గుడి మాలవాడలో కడితే మాదిగలు దాన్ని పరాయిదిగా చూశారు, మాదిగవాడలో కడితే మాలలు రాలేదు. పెళ్లి సంబంధాలు ఎప్పటిలాగే ఎవరివి వాళ్లవే. ప్రభు భోజనంలో ఒకే పాత్రలోది తాగడం ఈ సమాజంలో చిన్న విషయం కాదు, ఊళ్లో మరెక్కడా జరగనిది అక్కడ జరిగింది. అయినా ఆ పాత్ర దగ్గర కలిసినవాళ్లు బావి దగ్గర విడిపోయారు. డోర్నకల్‌లో పాతికేళ్లు కట్టడం సాగి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన కెథీడ్రల్‌లో ముస్లిం కట్టడాల గుమ్మటాలు, హిందూ మండపాల స్తంభాలు పొందిగ్గా కలిసిపోయాయి. రాతిలో సాధించిన ఆ కలయిక రెండు వాడల మధ్య సాధించలేకపోయారు. సంఘం ఎదగని చోట దాన్ని ఎదిగిందని చూపించడం ఆరోగ్యం కాదు కాబట్టి ఈ లోటును లోటనే చెప్పాలి.

ఇక లెక్కల పుస్తకం. అజరయ్య బిషప్పు అయిన 1912లోనే ఆంగ్లికన్ మిషనరీ రోలండ్ అలెన్ ఒక పుస్తకం రాసి, మిషన్లు డబ్బూ అధికారమూ తమ గుప్పిట్లోనే పెట్టుకుని సంఘాలను పసిపిల్లల్లా ఉంచుతున్నాయని తప్పుపట్టాడు. డోర్నకల్‌లో అధికారం భారతీయుడి చేతికి వచ్చింది కానీ వాడ చేతికి రాలేదు. పెద్ద ఖర్చులకు ఇంగ్లండు డబ్బు వస్తూనే ఉంది, పెద్ద నిర్ణయాలు బిషప్పువే. అజరయ్య దయగల తండ్రే, అయినా తండ్రే. ఆ కాలంలో అంతకంటే సాధ్యమా అనవచ్చు. దానికి నంద్యాల ఒక జవాబు. శాఖల తేడాలు పోయి ఒకే సంఘం కావాలన్నది అజరయ్య జీవితకాలపు కోరిక, 1919 తరంగంబాడి సమావేశం నుంచీ దాని కోసం పనిచేసి 1945 జనవరి 1న కన్నుమూశాడు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఒకప్పటి ఆయన పరిధిలోని నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది అందులో చేరలేదు, ఏళ్ల తరబడి బయటే ఉన్నారు. వాళ్ల కారణాలన్నీ మంచివని కాదు. కాదనగలిగారు, అంతవరకు అది సంఘం ఎదిగిందనడానికి గుర్తు. అదే నంద్యాల డయాసిస్‌కు 2013లో ఎగ్గోని పుష్పలలిత బిషప్పు అయ్యారు, దక్షిణ ఇండియా సంఘంలో ఆ పదవిలోకి వచ్చిన తొలి మహిళ. కుండలో గింజలు వేసిన చేతులు ఆడవాళ్లవే అయినప్పుడు ఆ పీఠం దాకా రావడానికి ఇంతకాలం పట్టడం ఆశ్చర్యమే.

స్వయంపోషణ ఒక్కటే చాలదనడానికి ఈనాటి స్వతంత్ర సంఘాలే సాక్ష్యం. 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను మందిరం స్థాపించిన భక్తసింగ్ విదేశీ మిషన్ జీతం లేకుండా, పెద్దల గుంపు చేతుల్లో నడిచే సంఘాలను ఊరూరా నిలబెట్టాడు. వెన్ కోరిన గుర్తులు ఆ సంఘాల్లో డోర్నకల్ కంటే స్పష్టంగా కనిపిస్తాయి. తర్వాత వచ్చిన ఎన్నో స్వతంత్ర మందిరాలు కూడా విశ్వాసుల కానుకలతోనే బతుకుతున్నాయి. కానీ స్థలం పట్టా బోధకుడి పేరిట ఉండి, కానుకల పెట్టె తాళం ఆయన ఇంట్లో ఉండి, ఆయన తర్వాత కొడుకు పాస్టర్ అయ్యేచోట మోసేది ఒకరు, అనుభవించేది ఒకరు. పాత డయాసిస్‌లలో ఎన్నికలు, కమిటీలు ఉన్నాయి, తగువులు కోర్టుకెక్కడమూ ఉంది. అది చూసి ఒంటి పెత్తనమే నయమనేవాళ్లున్నారు. కోర్టు దాకా వెళ్లిన తగువు పరువు తక్కువే, ఒప్పుకుంటాను. అడిగే అవకాశమే లేని ప్రశాంతత మాత్రం దానికి మందు కాదు.

లెక్కల పుస్తకం పక్కనే ఉండాల్సిన సభ్యుల రిజిస్టరుకు ఇంకో చిక్కు ఉంది, అది సంఘం చేసుకున్నది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మతం మారిన దళితులు మన రాష్ట్రాల్లో బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. దాంతో గుడికి వచ్చేవాడు కానుక వేస్తాడు, పాట పాడతాడు, రిజిస్టరులో సంతకం దగ్గరకు వచ్చేసరికి పిల్లల సర్టిఫికెట్టు గుర్తొచ్చి ఆగుతాడు. పేరు లేనివాడు పెద్దల ఎన్నికలో నిలబడలేడు, ఓటు వేయలేడు, లెక్క చూపించమని అడిగితే నువ్వెవరంటారు. మతాన్ని రాజకీయ లాభంతో ముడిపెట్టకూడదని క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలే వద్దన్న మనిషి అజరయ్య. ఆయన పోయిన అయిదేళ్లకే చట్టం ఆ ముడిని వేరే వైపు నుంచి బిగించింది. దాని భారం ఇప్పుడు మోస్తున్నది ఆయన సంఘాల్లోని కూలి కుటుంబాలే.